ఎలుకబోను గోడల ఇల్లు

మెట్టుగూడ, సికింద్రాబాద్
6 ఫిబ్రవరి 2000

అత్తా,

ఎలా ఉన్నావని తర్వాత అడుగుతాను. ముందు ఒక పని చెయ్యి. మీ పెరట్లో ఇటుకలుంటే రెండు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూడు. స్టీలు గిన్నె అంచు తగిలినట్టు ఖంగుమంటే బాగా కాలిన ఇటుక. డబ్ అంటే లోపల ఇంకా పచ్చిదే. ఇన్నేళ్లు ఇటుకల గోడల మధ్యే పెరిగాను గానీ ఇటుక మోగుతుందని నాకు నిన్నటిదాకా తెలీదు!

నిన్న మా క్లాసంతా బోయిన్‌పల్లి వెళ్లాం. కూరగాయల మార్కెట్ వెనకాల ఒక ఇల్లు కడుతున్నారు. పర్వతాలు అని మేస్త్రి, పెద్ద మీసాలాయన. నేను ఒక్కో ఇటుకా కొట్టి చూస్తుంటే, "ఏందమ్మా, ఇటుకలతోని తాళాలు గొడుతున్నవ్? భజన షురూ చేద్దామా?" అన్నాడు. అందరూ నవ్వారు. అయినా ఆపలేదు. ఇసుకని అరచేతిలో నలిపి దులిపితే చెయ్యి మరక కాకూడదట. సిమెంటు బస్తాలో చెయ్యి పెడితే చల్లగా తగలాలట. నా చున్నీ అంతా బూడిద రంగైపోయింది.

సైటు చాలా బాగుంది అత్తా. తూర్పు ముఖం, రోడ్డుకి దగ్గర, బోరులో నీళ్లు కూడా బాగా పడ్డాయి. వచ్చే ఆదివారం నాన్నని కూడా తీసుకెళ్లి చూపిస్తాను.

నాన్నకి మాత్రం నా చదువు మీద దిగులు పోలేదు. పక్కింటి వాసు అమీర్‌పేటలో ఏదో కోర్సు చేసి బెంగళూరు వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ ఆయన రైల్వే ఆఫీసు నుంచి వచ్చి కాఫీ తాగేలోపు వాసు పేరు ఒకసారైనా రావాల్సిందే. ఆర్కిటెక్చర్‌లో చేరతానన్నప్పుడు నా వైపు నిలబడింది నువ్వొక్కదానివే. అందుకే ఇవన్నీ నీకు రాస్తున్నాను.

వంటింటి గట్టు మీద ఇటుకలు పెట్టానని అమ్మ అరుస్తోంది. ఉంటాను.

నీ పూజిత


రాజాం
17 ఫిబ్రవరి 2000

పూజీ,

నీ ఉత్తరం డ్యూటీ రూములో చదివాను. చదివి రెండు ఇటుకలు కొట్టాను కూడా. ఒకటి ముక్కలైంది. దాని అర్థం ఏమిటో రాయి.

తమ్ముడు బోయిన్‌పల్లిలో సైటు కొంటున్నాడన్నమాట. సంతోషం. తోడబుట్టిన దానికి ఒక్క ముక్క రాయాలని తోచలేదు. బోరు పడేదాకా వచ్చిందంటే ఇది నిన్నటి మాట కాదు. సరే, ఎవరి సంసారం వాళ్లది. "నీ సైటు మూడు పువ్వులు ఆరు కాయలు కావాలి" అని వాడికి ఒక కార్డు పడేశాను.

వాడు దాచాడు కాబట్టి నేనూ ఒకటి దాస్తున్నాను. నీకు మాత్రం చెప్తాను. నేను సైటు కొన్నాను. ఊరి చివర, గెడ్డ వాగు దాటాక, కొత్తగా వేసిన లేఔట్లో. వచ్చే ఏడు రిటైరవగానే సికింద్రాబాద్ వచ్చేసి మీ పక్కన ఫ్లాటులో ఉండమని వాడు ఎప్పట్నుంచో అంటున్నాడు. ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ ఆసుపత్రి క్వార్టర్లలో బతికాను, పూజీ. మేకు కొట్టాలన్నా ఎవరినో అడగాలి. ఒక్కసారి నా గోడకి నేను మేకు కొట్టుకోవాలి.

నువ్వు ప్లాను గీసి పంపు. నాన్నకి చెప్పకు.

అత్త, అమ్మన్నమ్మ


మెట్టుగూడ
2 మార్చి 2000

మేకు కొట్టబోయే మా అత్తకి,

నీ ఉత్తరం చదివి మంచం మీద గెంతాను. అత్తా, సైటు అంటే మేము చూడ్డానికి వెళ్లిన పని జరిగే చోటు! నాన్న ఏమీ కొనలేదు. మా వాళ్లంతా అలాగే అంటారు, నాకూ అలవాటైపోయింది. ఇప్పుడు నాన్నేమో నీ కార్డు పట్టుకుని, "అక్క సైటు గురించి రాసిందంటే తనకి ఇక్కడ స్థలం కావాలని అర్థం. నోరు తెరిచి అడగదు" అని తేల్చేశారు. రెండు ఆదివారాలుగా నీ కోసం స్థలాలు చూస్తున్నారు. నీ రహస్యం చెప్పకుండా ఆయన్ని ఆపడం నా వల్ల కావడం లేదు.

ప్లాను జతచేశాను. మధ్యలో పెద్ద హాలు, వెనక వంటిల్లు, ఒక పడకగది, పైకి మెట్లు. గోడలకి నా దగ్గర గొప్ప ఆలోచన ఉంది. దాన్ని ఎలుకబోను కట్టుబడి అంటారు. ఇటుకలు తక్కువ పడతాయి, ఎండాకాలం లోపల చల్లగా ఉంటుంది. మేము ఇప్పుడే నేర్చుకున్నాం. నీ ఇంటికి ఎలుకబోను గోడలే పెట్టాలి. నువ్వు మాట్లాడుకునే కాంట్రాక్టరుకీ ఈ మాట చెప్పు.

ఇంకొకటి. నీ స్థలంలో మట్టి గుప్పెడు తీసి, గాజు సీసాలో వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి పక్కన పెట్టు. నిమిషంలో అడుగుకి దిగిపోయి నీళ్లు తేటపడితే ఇసుక నేల. చాలాసేపు మురికిగా ఉంటే బంకమట్టి. ఏమైందో రాస్తే పునాది సంగతి చెప్తాను.

గెంతి గెంతి మంచం కోడు వదులైన
పూజిత


రాజాం
14 మార్చి 2000

పూజీ,

నేను అడిగింది ఇల్లు. నువ్వు ఎలుకలబోనంటున్నావు. నీ ఉత్తరం నేను మాట్లాడుకున్న కాంట్రాక్టరు జోగారావుకి చదివి వినిపించాను. "ఏటండి సిస్టరమ్మా, ఊళ్లో జనం ఎలకలు రాకండా ఇల్లు కట్టుకుంతారు. మీ మేనకోడలేటండి, ఆటికే ఇల్లు కట్టమంతంది?" అన్నాడు. నలుగురిలో నవ్వులపాలయ్యాను.

ఇక నీ ప్లాను. ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి పంపుతున్నాను, కోపం తెచ్చుకోకు. అంత హాలు ఎవరికి? నేనొక్కదాన్ని. రిటైరైనా గెడ్డ అవతలి ఊళ్ల వాళ్లు నా దగ్గరికి రావడం మానరు. పసిపిల్లలకి జ్వరం వచ్చినా, కట్టు మార్చాలన్నా సిస్టరమ్మే. వాళ్లు ఎక్కడ కూర్చుంటారు? చూపించుకోవడానికి ముందు గది ఏది? నువ్వు ఎవరి కోసం గీశావో గానీ నా కోసం గీయలేదు.

మట్టి చూశాను. సెలైన్ సీసాలో వేసి కుదిపాను. చిటికెలో అడుగుకి దిగిపోయింది, నీళ్లు తాగేంత తేటగా ఉన్నాయి.

తమ్ముడు ఈసీఐఎల్ దగ్గర కూడా స్థలం చూశానని రాశాడు. నా రహస్యం నేనిప్పుడే విప్పలేను. వాణ్ణి ఎండలో తిరగనివ్వకు.

అత్త


మెట్టుగూడ
26 మార్చి 2000

అత్తా,

ఎర్ర పెన్ను చూసి మొదట ఏడుపొచ్చింది. నా ప్లాను తీసుకెళ్లి మా కాలేజీలో కామరాజు సార్‌కి చూపించాను, ఆయన నన్ను సమర్థిస్తారని. ఆయన నీ గీతలు చూసి, "ఈవిడెవరో మంచి క్లయింటు. నువ్వు ఆవిణ్ణి ఒక్క ప్రశ్నా అడగలేదు కదమ్మా?" అన్నారు. నిజమే. ఏ పూట ఎక్కడ కూర్చుంటావో, ఎవరొస్తారో అడగకుండా పత్రికలో చూసిన హాలు గీసేశాను.

మళ్లీ గీశాను. ముందు పొడుగు వసారా, గోడకే కట్టిన అరుగులు, ఎడమపక్క నీ గది, అందులో ఉత్తరపు కిటికీ. వెలుగు పడుతుంది గానీ ఎండ పడదు. కుట్లు వెయ్యడానికి బాగుంటుంది కదా?

ఎలుకబోను అనేది పేరు మాత్రమే! ఇటుకని పడుకోబెట్టకుండా పక్కమీద నిలబెట్టి, రెండు వరసల మధ్య ఖాళీ వదిలి కడతారు. ఆ ఖాళీ చిన్న డబ్బాలా ఉంటుంది, అందుకని ఆ పేరు. అన్నివైపులా మూసే ఉంటుంది, చీమ కూడా దూరదు. ఆ ఖాళీలోని గాలే వేడిని ఆపుతుంది. బొమ్మ వేశాను చూడు. ఇక్కడ పర్వతాలు మేస్త్రికి కూడా ఇది కొత్తే. శనివారం నేనూ, నా ఫ్రెండు సృజనా ఆయనతో కలిసి నడుమెత్తు గోడ కట్టి చూశాం. మొదటిది వంకరగా వచ్చింది. రెండోది తాడు కట్టినంత నిటారుగా వచ్చింది! "మంచిగున్నది బిడ్డా, జెర తక్లీఫ్ గానీ పని సాఫ్‌గున్నది" అన్నాడాయన. సిమెంటు తినేసి నా వేళ్లన్నీ పగిలాయి. ఎంత ఆనందంగా ఉందో!

నీ మట్టి ఇసుక నేలంటే అదృష్టం. మామూలు పునాది చాలు, భయం లేదు.

ఒక సంగతి. నాన్న నాకు చెప్పకుండా కంప్యూటర్ కోర్సు అప్లికేషన్ తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒక ఏడాది కాలేజీ ఆపి అది చెయ్యమంటున్నారు. "ఇళ్లు కట్టడం మేస్త్రీలకు తెలుసమ్మా. నువ్వు చదివి కొత్తగా కనిపెట్టేదేముంది?" అన్నారు. సంతకం చెయ్యలేదు, చింపనూ లేదు.

పూజిత


రాజాం
12 ఏప్రిల్ 2000

పూజీ,

ఇది కదా ఇల్లంటే! నీ కొత్త ప్లాను దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. వసారా అరుగుల మీద ఎవరెవరు కూర్చుంటారో నాకు ఇప్పుడే కనిపిస్తున్నారు. బొమ్మ చూశాక ఎలుకబోను కూడా అర్థమైంది. ఎల్లాజీ అనే మేస్త్రి, కుర్రాడే, "కట్టి సూద్దారండి" అంటున్నాడు. జోగారావు మాత్రం ముఖం ముడుచుకునే ఉన్నాడు.

శంకుస్థాపన అయింది. ముగ్గు పోసి మోకాలి లోతు పునాదులు తీశారు. ఇరవై రెండో తారీఖు శనివారం కాంక్రీటు వేస్తారు. సెలవు పెట్టాను.

నిన్న పెద్ద గొడవ. నా స్థలం పక్కన సుబ్బులు అని ఒకావిడ పాకలో ఉంటుంది. ఆవిడ మేకపిల్ల నా స్థలంలో గెంతుతూ నేల నెర్రెలో కాలు ఇరికించుకుంది. ఈ ఎండలకి నేల నోళ్లు తెరిచి ఉంది మరి. తొడదాకా దిగిపోయింది. నేనే లాగి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాను. ఇప్పుడది కుంటుతూ నా వెనకాలే తిరుగుతోంది. నా కొత్తింటి మొదటి పేషెంటు అదే అనుకో.

అప్లికేషన్ సంగతి నేను తమ్ముడితో మాట్లాడనా? నువ్వు చెప్తేనే మాట్లాడతాను.

అత్త


మెట్టుగూడ
17 ఏప్రిల్ 2000
(స్పీడ్ పోస్టు)

అత్తా, కాంక్రీటు ఆపు.

మీ ఎస్‌టీడీ బూత్‌కి పొద్దుట్నుంచీ చేస్తున్నాను, ఎవరూ ఎత్తడం లేదు. ఇసుక నేల నెర్రెలివ్వదు. మేకపిల్ల కాలు తొడదాకా దిగిందంటే అది బంకమట్టి. నువ్వు సీసాలో వేసిన మట్టి ఎక్కడిది? నేల తవ్వి తీశావా, పైన పోసి ఉన్న కుప్పలోంచి తీశావా? నేను ఆ మాట రాయలేదు, నువ్వు చెప్పలేదు. అడక్కుండానే భయం లేదని రాసేశాను.

బంకమట్టి ఎండకి కుంచించుకుపోతుంది, వానకి నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు మోకాలి లోతు పునాదిని అలా పైకి ఎత్తేస్తుంది. లాలాగూడ దగ్గర అలాంటి ఇల్లొకటి చూపించారు మాకు. గోడ పగులులో నా వేళ్లు దూరాయి.

పునాది అడుగు మట్టి తీసి మళ్లీ సీసాలో వెయ్యి. ఎవరేమన్నా ఆ కాంక్రీటు పడనివ్వకు.

పూజిత


రాజాం
23 ఏప్రిల్ 2000

పూజీ,

నీ ఉత్తరం శనివారం పొద్దున్న వచ్చింది. పోస్టుమేన్ ఆసుపత్రికి వెళ్లి, అక్కణ్ణుంచి సైకిలు తొక్కుకుంటూ స్థలానికే తెచ్చాడు. అప్పటికి కంకర కలిపేస్తున్నారు.

నేను తీసిన మట్టి కుప్పలోదే. లేఔట్ వాళ్లు పైన తోలిన ఇసుక గ్రావెలు. మట్టంటే మట్టే కదా అనుకున్నాను. సుబ్బుల్ని అడిగితే, ఇది మొన్నమొన్నటిదాకా వరిమడి అని చెప్పింది.

ఆపమంటే జోగారావు ఊరుకుంటాడా? "ఏటండి, కలిపిన మాలు పారబోయమంతారా? కాలేజీ పిల్ల ఉత్తరం ముక్క రాసిందని పని ఆపీమంతారా?" అని అరిచాడు. కూలీలు గమేళాలు ఎత్తేశారు. సుబ్బులు ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకుని, పునాది గోతిలో వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చున్నాను. "పోస్తే నా మీద పొయ్యండి" అన్నాను. ఊరంతా చూడ్డానికి వచ్చింది. పూజీ, నాకు అంత హుషారు ఎప్పుడూ రాలేదు!

కలిపిన మాలుతో సుబ్బులు పాక ముందు గచ్చు వేయించాను. గోతి అడుగు మట్టి సీసాలో వేశాను. తెల్లారి చూస్తే ఇంకా కాఫీలాగే ఉంది.

ఇక దాచి లాభం లేదు. తమ్ముడికి ఫోన్ చేసి మొత్తం చెప్పేశాను. "మరి నేను చూసిన స్థలాలన్నీ ఎవరికి?" అన్నాడు పాపం. ఇద్దరూ రండి. ఎంత లోతు తవ్వాలో నువ్వే వచ్చి చెప్పు.

గోతిలోంచి లేచి వచ్చిన
అత్త


మెట్టుగూడ
11 జూన్ 2000

అత్తా,

ఇంటికొచ్చి వారమైంది. గోళ్లలో మట్టి ఇంకా పోలేదు. పోగొట్టుకోవాలనీ లేదు.

నేను గోతి అంచున నిలబడి ఇంకా, ఇంకా అంటూనే ఉన్నాను. ఛాతీ లోతు దిగినా నల్లగానే ఉంది. నేను చెప్పింది కూడా తప్పేమోనని అప్పుడే అనిపించింది. సరిగ్గా ఆ సమయానికి ఎల్లాజీ గునపం దిగకుండా ఖణేల్‌మంది. పసుప్పచ్చటి గట్టి గ్రావెల్! నాన్న లుంగీ ఎగ్గట్టి గోతిలోకి దూకేస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. కామరాజు సార్ చెప్పినట్టు గట్టినేల మీంచి రాతికట్టు, చుట్టూ ఇసుక, పైన ఇల్లంతా చుట్టివచ్చే కాంక్రీటు బెల్టు. బెల్టుకి కట్టిన ఇనుము చూసి జోగారావుగారు, "ఇది గట్టిదేనండి" అని తనలో తాను గొణుక్కోవడం నేను విన్నాను!

రైల్లో ఏం జరిగిందో చెప్పాలి. తుని దాటాం. అప్పుడు నాన్న అడిగారు.

"మేకపిల్ల కాలు ఇరుక్కుంటే నేలలో ఏముందో నీకెలా తెలిసిందే?"

"చదివాను నాన్నా."

"జోగారావు ఎన్నో ఇళ్లు కట్టాడు. అతనికి తోచలేదేం?"

"ఎర్రనేల మీద కట్టాడు నాన్నా. అక్కడ ఆ పునాది సరిపోతుంది. ఇక్కడ నేల వేరు."

"అక్క గోతిలో కుర్చీ వేసుకుని కూర్చుందంటే నీ మాట మీద కూర్చుంది. నేను అప్లికేషన్ తెచ్చాను" అన్నారు. ఇంటికొచ్చాక బల్ల మీద అది కనిపించలేదు. నిన్న వాసు వాళ్ల నాన్న మీ అమ్మాయిది ఏ కోర్సని అడిగితే, "మీవాడిది సాఫ్ట్‌వేర్, మా పిల్లది గట్టినేల" అని చెప్పారు. నేను తలుపు వెనక నుంచి విని నోరు మూసుకుని నవ్వాను.

ఎలుకబోను గోడ ఎంతవరకూ వచ్చింది? ప్రతి వరసకీ ఫొటో కావాలి!

పూజిత


రాజాం
9 అక్టోబర్ 2000

పూజీ,

నిదానంగా కూర్చుని చదువు. చాలా ఉంది.

గోడలు లేచాయి. కడుతున్నన్నాళ్లూ నేను రోజూ వెళ్లి ఇటుకల మధ్య ఖాళీల్లోకి టార్చి వేసి చూశాను. ఒక్క ఎలుకా లేదు. ఎల్లాజీ ఆ కట్టుబడి చూపిస్తానని బొబ్బిలిలో పని సంపాదించుకున్నాడు, మన ఇల్లు పూర్తయ్యాక వెళ్తాడు. పోయిన నెల స్లాబు పడింది. తలుపులు, కిటికీలు ఇంకా బిగించలేదు.

వారం రోజులుగా ఇక్కడ కుండపోత. లేఔట్లో కొత్తగా కట్టిన ప్రహరీలు రెండు నిలువునా చీలాయి. ఒకటి పక్కకి ఒరిగిపోయింది. నేను గొడుగు వేసుకుని నా ఇంటి చుట్టూ తిరిగాను, గోడలన్నీ తడిమాను. వెంట్రుకంత పగులు లేదు. జోగారావు కూడా నా వెనకే తిరిగాడు. తిరిగి తిరిగి, "మీ మేనకోడలు ఇంకో రెండు ప్లాన్లు గీస్తాదేటండి?" అన్నాడు.

గురువారం మధ్యాహ్నం నేనూ జోగారావూ అక్కడే ఉన్నాం. వసారాలో నిలబడి వాన చూస్తున్నాను. ఇద్దరు మగవాళ్లు మంచం మోసుకుంటూ పరుగెత్తుకొచ్చారు. మంచం మీద రోసమ్మ అని లేఔట్ పక్క పాలెం అమ్మాయి, నొప్పులు పడుతోంది. గెడ్డ పొంగి దారి మునిగిపోయింది, ఆసుపత్రికి దాటించలేరు. "సిస్టరమ్మా, ఎక్కడ దించమంతారు?" అని అడిగారు. ఎక్కడేమిటి, ముందు గది ఉందిగా!

గుమ్మానికి దుప్పటి కట్టాం. సుబ్బులు నీళ్లు కాచి తెచ్చింది. కరెంటు లేదు, బయట ఆకాశం మబ్బు. అయినా నీ ఉత్తరపు కిటికీలోంచి వెలుగు తిన్నగా వచ్చి పడింది, పూజీ. నేను చేసేది నాకు స్పష్టంగా కనిపించింది. పిల్ల అడ్డం తిరిగి ఉంది, పొట్ట మీంచే నెమ్మదిగా తిప్పి సరిచేశాను, ఆ సంగతి ఆ అమ్మాయికి చెప్పలేదు. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. మొదట ఏడవలేదు. వీపు మీద చరిస్తే ఒక్కసారి కేక పెట్టింది. ఖాళీ గోడల మధ్య ఆ కేక ఎంత గట్టిగా మోగిందో! వసారాలో అరుగుల మీద కూర్చున్న వాళ్లంతా లేచి నిలబడ్డారు. జోగారావు కళ్లు తుడుచుకుంటూ వాన నీళ్లంటాడు.

తల్లీ పిల్లా క్షేమం. పంతులుగారు గృహప్రవేశానికి కార్తీకంలో ముహూర్తం పెడతానన్నారు. "ఎవరో ముందే ప్రవేశించేశారండి" అని చెప్పాను.

ఇప్పుడు నీకు పని. జోగారావు ముందు గదికి మామూలు తలుపు తెచ్చాడు. తిప్పి పంపేశాను. మొన్న మంచం అడ్డంగా పట్టలేదు, ఏటవాలుగా తిప్పి తేవాల్సి వచ్చింది, రోసమ్మ నొప్పితో అరిచింది. నలుగురు నాలుగు కోళ్లు పట్టుకుని తిన్నగా లోపలికి నడిచి వచ్చేంత గుమ్మం కావాలి. గోడ ఎంత కొట్టాలో, పైన ఏం ఆనించాలో, రెక్కలు ఎటు తెరుచుకోవాలో గీసి పంపు. ఎల్లాజీ సుత్తి పట్టుకుని నీ ఉత్తరం కోసమే చూస్తున్నాడు.

అత్త